ఎడమ భుజానికి

కిరసనాయిలు బుడ్డి మంట మీద తుపాకి ఇనుముని అటూ ఇటూ తిప్పి మసి పట్టించాడు భూషణం. దాన్ని కర్రలో తొలిచిన గూట్లో కూర్చోబెట్టి, కొయ్యసుత్తితో రెండు చిన్న దెబ్బలు వేసి, మళ్ళీ బయటికి తీశాడు. గూటి అడుగున ఒక మూల నల్లచుక్క అంటుకుంది. అంటే అక్కడ కర్ర ఇంకా ఇనుముని నెడుతోందన్నమాట. సన్న ఉలితో ఆ చుక్క మేరకే గీకాడు. మళ్ళీ మసి, మళ్ళీ సుత్తి, మళ్ళీ ఇంకోచోట చుక్క. ఏడింటికి కూర్చున్నవాడు, ఎనిమిదిన్నరకి ఇది పాతికోసారి. చూసేవాళ్ళకి తలనొప్పి గాని అతనికి కాదు. విసుగు పుట్టే మనిషి ఈ పనిలో ఇరవై ఏడేళ్ళు ఉండడు.

బందరు కోనేరు సెంటర్ నుంచి లోపలికి తిరిగే ఒక సందులో ఉంది ఆ తుపాకుల షాపు. ముందు గాజు బీరువాలు, వెనక రేకుల చావడి. ముందు భాగం యజమాని కాంతారావుది. వెనక చావడి కూడా పేరుకి ఆయనదే గాని, అందులో ఏ మేకు ఎక్కడుందో భూషణానికి తప్ప ఎవరికీ తెలియదు. అరవై నాలుగేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. చిత్రిక పట్టీ పట్టీ కుడి భుజం కిందికి దిగిపోయి, దూరం నుంచి చూస్తే ఎప్పుడూ నీళ్ళ బకెట్టు మోస్తున్నవాడిలా కనిపిస్తాడు. లుంగీ, చిల్లుల బనీను, ఒక కాడ విరిగి దారంతో చెవికి కట్టుకున్న కళ్ళజోడు. వేళ్ళకి ఎప్పుడూ మసే. "ఈ వయసులో రోజూ ఎవరి కళ్ళకి కాటుక పెట్టొస్తన్నావయ్యా" అని భార్య సత్యవతి ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. అతను జవాబు చెప్పకుండా ఏళ్ళ తరబడి చెయ్యి కడుక్కుంటూనే ఉన్నాడు.

ఇన్ని తుపాకులకి కర్రలు వేసినవాడు జీవితంలో ఒక్కసారి కూడా తుపాకి పేల్చలేదు. అదేమిటని ఎవరైనా ఆశ్చర్యపోతే, "పాడె కట్టేవాడు ఎక్కి చూస్తాడేంటండీ" అనేవాడు.

ఎలక్షన్లలో ఎవరు గెలిచినా ఎవరు ఓడినా, అవి అయిపోయిన నెలకి పండగ మాత్రం భూషణానిది. ఎలక్షన్లు ప్రకటించగానే లైసెన్సు ఉన్నవాళ్ళు తుపాకులు పట్టుకెళ్ళి స్టేషన్లో అప్పజెప్పాలి. అక్కడ అవి రెండు మూడు నెలలు ఏ చీకటికొట్లోనో పడి ఉంటాయి. సముద్రం పక్క ఊళ్ళలో చెమ్మ సంగతి చెప్పేదేముంది, డబ్బాలో ఉప్పే నీరైపోతుంది. తిరిగి చేతికొచ్చేసరికి ఒకదానికి చెద పట్టి ఉంటుంది, ఇంకొకదానికి బట్టు, అంటే భుజానికి ఆనించుకునే వెనక కర్ర, ఉబ్బి పగిలి ఉంటుంది. ఈ రెండువేల నాలుగు ఎలక్షన్ల తర్వాత కూడా పద్నాలుగు తుపాకులు వచ్చి, మెడల్లో చీటీలు కట్టించుకుని గోడవారగా నిలబడి ఉన్నాయి. చాలావరకు కృత్తివెన్ను వైపు చేపల చెరువుల వాళ్ళవి. చేపల మీద పడే నీటికాకుల్ని బెదరగొట్టడానికి పెట్టుకున్నవి.

ఈ రోజు బల్ల మీద ఉన్నది వాటిలోది కాదు. అది సుందరరాజుది.

సుందరరాజు మిలట్రీలో పదిహేడేళ్ళు చేసి వచ్చి, పన్నెండేళ్ళుగా గుడివాడలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంటున్న గార్డు. సొంత తుపాకి, సొంత లైసెన్సు. ఆ రెండూ ఉన్నాయనే సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు ఆ కుర్చీ ఇచ్చారు. ఫిబ్రవరిలో బస్సు ఫుట్‌బోర్డు మీంచి జారి పడ్డాడు. తుపాకి పిడి దగ్గర రెండు ముక్కలైంది. అప్పట్నుంచి సెలవనీ జ్వరమనీ నెట్టుకొచ్చాడు. చివరికి ఏజెన్సీ వాళ్ళు గడువు పెట్టారు. తుపాకి బాగుచేయించుకుని వచ్చి, బందరు శివార్లలోని ఫైరింగ్ రేంజిలో ఆఫీసరు ముందు ఐదు తూటాలు పేల్చి చూపించాలి. లేకపోతే కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ గడువు రేపు పొద్దున పది గంటలకి. యాభై ఎనిమిదేళ్ళవాడికి ఇంకో కుర్చీ ఎవరూ వెయ్యరు. ఘంటసాలలో వాళ్ళ పేటలో పొద్దున్నే ఇస్త్రీ ఖాకీ వేసుకుని బస్సెక్కే మనిషి ఆయనొక్కడే. ఆ ఖాకీ విప్పేస్తే తను ఎవరో ఆయనకి తెలియదు. అదీ ఆయన భయం.

పది రోజుల కింద విరిగిన తుపాకిని గోనెసంచిలో చుట్టుకుని ఆయన షాపుకి వచ్చినప్పుడు, కాంతారావు బీరువాలోంచి ఒక రెడీమేడ్ బట్టు తీసి ముందు పెట్టాడు. వార్నిషు పూసుకుని కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తోంది. భూషణం దాన్ని వాకిట్లోకి తీసుకెళ్ళి, గాజుపెంకుతో పిడి దగ్గర ఇంత మేర గీకి, నార ఎటు పోతోందో చూశాడు. అడ్డంగా పోతోంది.

"పది తూటాలకి మళ్ళీ ఇక్కడే విరుగుద్దండి. రంగేసినంత మాత్రాన నార మారదుగా" అన్నాడు.

టేకుతో చెయ్యమంటారా అని సుందరరాజు అడిగితే అదీ వద్దన్నాడు. టేకు తేలిక. తుపాకి ఎంత తేలికైతే భుజాన్ని అంత గట్టిగా తంతుంది. నిచ్చెన వేసుకుని వాసాల మీంచి ఒక దిరిసెన ముక్క దించాడు. దాని మీద సుద్దతో "90 తుఫాను" అని రాసి ఉంది. ఆ తుఫానుకి రోడ్డు పక్కన కూలిన చెట్టుది. పద్నాలుగేళ్ళు రేకుల కింద ఎండింది. పిడి దగ్గర నార సూటిగా, తాడు లాగి పట్టినట్టు ఉంది. బరువు కూడా ఉంది.

ఆ రోజే భూషణం ఒక తప్పు చేశాడు. మనిషి చేత తుపాకి ఎత్తించి చూడకుండా అతను ఎన్నడూ కొలత తియ్యడు. సుందరరాజు మాత్రం బస్సుకి టైమవుతోందంటూ, "పాతది ఎట్టా ఉందో అట్టాగే చేసెయ్యండి మేస్త్రిగారూ, అలవాటైన కొలత" అన్నాడు. పదిహేడేళ్ళు మిలట్రీలో చేసినాయనకి తుపాకి ఎత్తడం గురించి నేను చెప్పేదేముందిలే అనుకున్నాడు భూషణం. విరిగిన ముక్కల్ని కలిపి పట్టుకుని, వాటి మీంచే కొలతలు తీసుకున్నాడు.

తొమ్మిదింటికి సుందరరాజు వచ్చాడు. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. జుట్టు తెల్లబడినా మీసం మాత్రం నల్లగా ఉంచుకున్నాడు. వస్తూనే బల్ల మీద కర్రని చూసి చేత్తో తడిమాడు.

"బంగారంలా చేశారండీ."

"బంగారం తర్వాత. ముందు ఎత్తి చూడండి" అని భూషణం ఇనుము బిగించి తుపాకి చేతికిచ్చాడు. "గోడ మీద ఆ క్యాలెండరు వైపు నిలబడి కళ్ళు మూసుకోండి. మూసుకునే ఎత్తి చెంపకి ఆనించండి. నేను తెరవమనేదాకా తెరవమాకండి."

"కళ్ళు మూసుకునేదెందుకండీ?"

"తెరుచుకుంటే మీరు కర్రకి తగ్గట్టు మెడ వంచుతారు. మూసుకుంటే కర్ర గుట్టు బయటపడుద్ది."

సుందరరాజు కళ్ళు మూసుకున్నాడు. తుపాకి నడుము దగ్గర్నుంచి లేచి ఛాతీ దాకా వచ్చి ఆగింది. మీసం కింద పెదవి బిగిసింది. మళ్ళీ రెండంగుళాలు లేచి మళ్ళీ ఆగింది. నుదుటి మీద చెమట పోసింది.

"తెరవండి" అన్నాడు భూషణం. తుపాకి అందుకుని బల్ల మీద పెట్టాడు. "తుపాకితో పాటు ఇంకేం విరిగింది రాజుగారూ?"

సుందరరాజు నేల చూస్తూ, చొక్కా పై గుండీలు రెండు విప్పాడు. కుడి వైపు మెడ కింద ఎముక విరిగి, అతికీ అతకనట్టు అతికి, చర్మం కింద ముడిలా పైకి లేచి ఉంది. సరిగ్గా బట్టు ఆనే చోటే.

"నాటుకట్టు కట్టించానండి. మా ఆవిడ ఎస్తేరుకి తప్ప ఎవరికీ తెలీదు. మిలట్రీలో ఒంట్లో బాలేదన్నవాణ్ణి చులకనగా చూస్తారు. ఆ అలవాటు పోలేదు."

"నాకు చెప్పాల్సింది."

"చెప్తే మీరు చెయ్యనంటారేమోనని."

భూషణానికి కోపం వచ్చింది. ఆయన మీద కొంత, తన మీద ఎక్కువ. ఇరవై ఏడేళ్ళ అనుభవం పెట్టుకుని, మనిషిని చూడకుండా చొక్కా కుట్టిన దర్జీ పని చేశాడు. ఈ కర్రని ఆ ఎముకకి ఆనించి రేపు తూటా పేలిస్తే, మొదటి దెబ్బకే ఆయన తుపాకి వదిలేస్తాడు. ఎంత మందం ప్యాడు వేసినా అంతే.

బల్ల పక్కన నిలబడి కాసేపు ఆలోచించాడు. తర్వాత, "వేలు చాపి ఆ క్యాలెండర్లో అమ్మవారి ముక్కుపుడక చూపించండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. వేలు ముక్కుపుడక మీదే ఉందా?" అని అడిగాడు.

"లేదండీ, పక్కకి పోయింది."

"కుడి కన్ను మూయండి."

"ఇప్పుడు సరిగ్గా ఉందండీ."

భూషణం నవ్వాడు. పొద్దుట్నుంచీ అదే మొదటి నవ్వు. "మీది ఎడమ కన్ను పెత్తనం. పదిహేడేళ్ళు కుడి భుజానికి పెట్టి మిలట్రీని మోసం చేశారన్నమాట."

"నేనెప్పుడూ కొంచెం పక్కకే కొట్టేవాణ్ణండి. గాలి అనుకునేవాణ్ణి."

"అయితే ఎడమ భుజానికి మారుద్దాం."

"ఈ వయసులోనా?"

"వయసుతో పనేముంది. కన్ను ఎప్పట్నుంచో ఎడమదేగా. భుజం ఇప్పుడొస్తంది."

చెప్పినంత తేలిక కాదు. బట్టు సూటిగా ఉండదు. కుడి భుజం వాడికి చేసింది పిడి దగ్గర్నుంచి కొద్దిగా కుడికి ఒరిగి ఉంటుంది. అప్పుడే కన్ను రెండు గొట్టాల నడిమి గీత మీదికి వస్తుంది. ఆ ఒరుగు మొత్తం కలిపి రెండు బియ్యపుగింజల మందం ఉంటుందేమో. ఇప్పుడది ఎడమకి ఒరగాలి. కొత్త కర్ర చెక్కాలంటే పది రోజులు కావాలి. చేతిలో ఉన్నది సాయంత్రం ఐదున్నర బస్సు దాకానే.

భూషణం స్టౌ వెలిగించి, ఇనప మూకుట్లో అవిసె నూనె పోశాడు.

అతను పుట్టింది బందరు పక్క రేవు ఊరు గిలకలదిండిలో. తండ్రి పడవలు కట్టే వడ్రంగి. పడవ పక్కలకి వేసే పలకలు సూటిగా ఉంటే పనికిరావు, వంగాలి. తాటాకు మంట మీద కాచి, తడిగుడ్డ వేసి, బరువులు పెట్టి వంచేవాళ్ళు. "కర్రని బతిమాలాలిరా, బెదిరించకూడదు" అనేవాడు తండ్రి. భూషణానికి ముప్పై ఏడేళ్ళు వచ్చేదాకా అదే పని. డెబ్బై ఏడు ఉప్పెన వచ్చింది. దివిసీమ ఒడ్డున అతను కట్టిన పడవలన్నీ ఒక్క రాత్రిలో పోయాయి. పడవలు పోతే మళ్ళీ కట్టొచ్చు. కట్టించుకునేవాళ్ళు కూడా పోయారు. ఆ చలికాలంలో మోతుబరి ఇళ్ళల్లోంచి ఉప్పునీళ్ళలో నానిన తుపాకులు బండ్ల మీద ఈ షాపుకి వచ్చాయి. ఇనప పని చూసే మేస్త్రికి కర్ర పని తెలిసినవాడు కావాల్సొచ్చింది. రెండు నెలలకని వచ్చి కూర్చున్నవాడు, మళ్ళీ లేవలేదు. ఆ మేస్త్రి పోయాడు. కాంతారావు తండ్రి పోయాడు. భూషణం ఉన్నాడు.

పాత పంచెగుడ్డ చింపి పిడికి చుట్టాడు. గరిటెతో కాగిన నూనె దాని మీద సన్నధారగా పొయ్యడం సుందరరాజుకి అప్పజెప్పాడు. గుడ్డ పీల్చుకున్న నూనె కింద పళ్ళెంలోకి కారుతుంది, దాన్ని మళ్ళీ మూకుట్లో పొయ్యాలి. ముప్పావుగంట అలా పోశారు. చావడి అంతా ఘాటుగా వాసన. తర్వాత భూషణం కర్రని బల్లకి రెండు దిమ్మెల మధ్య పెట్టి, క్లాంపు మర తిప్పడం మొదలుపెట్టాడు. పావు చుట్టు తిప్పడం, చెవి ఆనించి వినడం. మళ్ళీ పావు చుట్టు. పిడి పగిలిందంటే ఇక చేసేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు. ఒకసారి టిక్కుమని చప్పుడైంది. సుందరరాజు గరిటె పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. భూషణం వంగి, కళ్ళజోడు పైకి నెట్టి, పిడి చుట్టూ వేలితో తడిమాడు.

"బల్లండి. కర్ర కాదు."

అప్పుడే కాంతారావు వచ్చాడు. గుడివాడ దగ్గర ఊరి రైతుబిడ్డ, నలభై అయిదేళ్ళు. అసలు వ్యాపారం రొయ్యల మేత. ఈ షాపు తండ్రి పేరు మీద మిగిలింది. వచ్చే ఏడాది లైసెన్సు తిరిగిచ్చేద్దామని అనుకుంటున్నాడు. ఆ సంగతి భూషణానికి తెలుసనీ ఆయనకి తెలుసు. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోరు.

"కృత్తివెన్ను వాళ్ళ తుపాకి సాయంత్రానికి కావాలన్నానా లేదా భూషణం? నువ్వేమో ఇక్కడ బజ్జీలు వేస్తున్నావ్."

"ఇది రేపటికి కావాలండి. వాళ్ళది కాకుల కోసం. కాకులు ఎల్లుండి కూడా వస్తాయి."

"నీతో వాదించి నెగ్గినవాడెవడు" అని కాంతారావు ముక్కు మూసుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. వెళ్తూ ఆగి, "ఆ పొగలో ఎక్కువసేపు కూర్చోమాక. డాక్టరు ఏం చెప్పాడో గుర్తుందా?" అన్నాడు.

భూషణం గుర్తుందన్నట్టు తలాడించాడు. గుండె బలహీనపడిందనీ, పని తగ్గించుకోమనీ డాక్టరు చెప్పి ఏడాది అయింది. తగ్గించుకోవడం ఎలాగో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

క్లాంపులో కర్ర చల్లారడానికి మూడు గంటలు పడుతుంది. మధ్యాహ్నం సత్యవతి పంపిన క్యారేజీ విప్పాడు. ఎండు మెత్తళ్ళు వేసి వండిన వంకాయ కూర. సగం అన్నం క్యారేజీ మూతలో పెట్టి సుందరరాజు ముందుకి తోశాడు. తన సగంలోనూ నాలుగు ముద్దలు తిని ఆపేశాడు.

"తినరేంటండీ?"

"కడుపంతా నూనె వాసన."

"చెమటలు పడతన్నాయి మీకు."

"పొయ్యి ముందు కూర్చుంటే పట్టవా."

ఎడమ చెయ్యి లాగుతోందని మాత్రం చెప్పలేదు. ఆ పూట ఇంటికి వెళ్ళి పడుకోవాల్సిన మనిషి. సుందరరాజు తన నొప్పి దాచుకున్నాడని పొద్దున కోప్పడ్డవాడు, మధ్యాహ్నానికి తనదీ అలాగే దాచుకున్నాడు. ఇద్దరూ ఒకే తానులో ముక్కలే.

రెండున్నరకి క్లాంపు విప్పాడు. కర్ర కొంచెం వెనక్కి వచ్చింది గాని, చాలావరకు మాట విన్నది. దారం పట్టి చూస్తే ఎడమకి దాదాపు రెండు గింజల ఒరుగు ఉంది. మళ్ళీ ఇనుముకి మసి పట్టించి గూట్లో పెట్టి చూశాడు. వంచినప్పుడు గూడు కొద్దిగా కదిలింది. మూడుచోట్ల నల్లచుక్కలు. గీకాడు.

ఇక మిగిలింది పొడవు, ప్యాడు. సుందరరాజు ఎడమ మోచెయ్యి వంచమని, బట్టు చివరని మోచేతి మడతలో ఆనించి, వేలు ట్రిగ్గరు దాకా వస్తోందో లేదో చూశాడు. అర అంగుళం తక్కువగా వస్తోంది.

"పాత కొలత మీకు పెద్దదైపోయిందండి. మనిషి పెరిగేటప్పుడు చొక్కా మళ్ళీ కుట్టించుకుంటాడు. తగ్గేటప్పుడు ఎవరూ కుట్టించుకోరు."

కర్ర మీద గీత గీసి, రంపంతో అంగుళమున్నర మేర, ప్యాడు మందానికి కూడా చోటు వదిలేలా కోసేశాడు. మామూలుగా ఒక్క ఊపులో కోసేవాడు, ఈసారి మధ్యలో రెండుసార్లు ఆగాడు.

ప్యాడుకి బీరువాలో కంపెనీవి రెండు ఉన్నాయి. గోటితో నొక్కితే ఇటుకల్లా ఉన్నాయి. బీరువాలో ఏళ్ళ తరబడి పడి ఉండి రబ్బరు చచ్చిపోయింది. కాంతారావు ముందు గదిలోంచే, "హవాయి చెప్పు కోసి పెట్టు, అందరూ అదేగా" అన్నాడు. చెప్పు మరీ మెత్తన. మొదటి తూటాకి అణిగిపోయి, రెండోదానికి కర్రే తగులుతుంది. భూషణం బల్ల కింద నుంచి నల్లటి దిమ్మె ఒకటి తీశాడు. గిలకలదిండిలో పాత బోటు ఇంజను కింద నుంచి ఊడదీసిన రబ్బరు. ఇరవయ్యేళ్ళు ఇంజను అదురు మింగింది, ఐదు తూటాలు మింగలేదా అన్నాడు. దాన్ని అంగుళం మందాన కోసి, పక్కల నుంచి బరమాతో వరసగా బెజ్జాలు వేశాడు. తన్ను తగిలినప్పుడు రబ్బరు ఆ బెజ్జాల్లోకి అణుగుతుంది. పై అంచు గుండ్రంగా అరగదీసి కొవ్వొత్తి రుద్దాడు. లేకపోతే ఎత్తేటప్పుడు చొక్కా చంకలో పట్టుకుంటుంది.

పంక్చరు సొల్యూషన్ రాసి ప్యాడు అంటించేసరికి నాలుగున్నర దాటింది. మరలు రెండు తీసుకున్నాడు. దిరిసెన గట్టి కర్ర, సబ్బు రాయకపోతే మర సగంలో ఇరుక్కుంటుంది. మొదటిదానికి సబ్బు రాసి పై బెజ్జంలో బిగించాడు. రెండోదానికి కూడా సబ్బు రాశాడు. రాసి, ఎందుకో దాన్ని బల్ల మీద పెట్టేశాడు. వెనక్కి జరిగి గోడవార చెక్కపీట మీద కూర్చున్నాడు.

"ముందు ఒకసారి ఎత్తండి రాజుగారూ. పొడవు కుదిరితేనే రెండోది బిగిస్తా. లేకపోతే మళ్ళీ ఊడదియ్యాలి."

సుందరరాజు క్యాలెండరు వైపు తిరిగి నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే కళ్ళు మూసుకున్నాడు. ఎడమ చేతివైపు తుపాకి పట్టుకోవడం కొత్తగా ఉంది. మెల్లిగా ఎత్తాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. రబ్బరు అంచు చొక్కా మీద జారి, భుజం గుంటలో కూర్చుంది. చెంప కర్రకి ఆనింది. కర్రలో ఇంకా కాస్త వెచ్చదనం ఉన్నట్టనిపించింది. అలాగే నిలబడి తెరవమనే మాట కోసం చూశాడు.

మేస్త్రి పక్క నుంచి చూస్తున్నాడేమో అనుకున్నాడు. కోనేరు సెంటర్లో బస్సు హారను మోగింది. సందులో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. పైన రేకులు ఎండ తగ్గి టకటకమన్నాయి. మాట వచ్చేదాకా కదలకుండా నిలబడడం ఆయనకి కొత్త కాదు. నిలబడ్డాడు.

"మేస్త్రిగారూ, తెరవమంటారా?"

జవాబు రాలేదు. ఇంకాస్త ఆగి తనే తెరిచాడు. రెండు గొట్టాల నడిమి గీత చివర గురి చూసే ఇత్తడి గింజ, మెడ ఇంత కూడా వంచకుండానే, సరిగ్గా కంటికెదురుగా నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో అది ఆయనకి అంత సూటిగా ఎన్నడూ కనబడలేదు.

"కుదిరిందండీ" అన్నాడు, తుపాకి దించకుండానే. "అచ్చంగా కుదిరింది."

దించి, వెనక్కి తిరిగాడు. భూషణం గోడకి ఆనుకుని ఉన్నాడు. కళ్ళజోడు దారం చెవి మీంచి జారి, అద్దాలు చెంప మీద వేలాడుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, తుపాకి వైపే. సుందరరాజు దగ్గరికి వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. మిలట్రీలో అలాంటివి చూసినవాడే. ముందు గదిలోకి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన మొహం చూసి కాంతారావే లేచాడు. ఆటో వచ్చింది, ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ చెప్పింది వాళ్ళకి ముందే తెలిసిన సంగతి.

మర్నాడు పది గంటలకి సుందరరాజు రేంజిలో నిలబడ్డాడు. రావద్దనుకుని, రాకపోతే నిన్నటి రోజంతా దేనికని వచ్చాడు. ఎడమ భుజానికి తుపాకి పెట్టుకోవడం చూసి ఆఫీసరు కనుబొమలు ఎగరేశాడు. ఐదు తూటాలు పేలాయి. నాలుగు అట్ట మీద తగిలాయి. రబ్బరు దిమ్మె దెబ్బని తను మింగి, భుజానికి ఒక నెట్టు మాత్రం మిగిల్చింది. ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టి, కుర్చీ మీదేలెండి అన్నాడు. సుందరరాజుకి సంతోషం రాలేదు. రాత్రంతా ఒక్కటే తొలుస్తోంది. తను "కుదిరింది" అన్నప్పుడు ఆ మనిషి విన్నాడా? చూసి పోయాడా, చూడకుండానే పోయాడా?

తుపాకి భుజాన వేసుకుని నేరుగా గిలకలదిండి వెళ్ళాడు. అప్పటికి అంతా అయిపోయింది. సత్యవతి వాకిట్లో చాప మీద, నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. ఖాకీ బట్టలు, తుపాకి చూసి ఆవిడే పోల్చుకుంది.

"ఎముక విరిగినాయన మీరేనా? పెందలాడే రమ్మంటే, సాయంత్రం దాకా పని ఉందని క్యారేజీ కుర్రాడి చేత కబురు పెట్టాడు. కుదిరిందా బాబూ?"

"కుదిరిందమ్మా. తన్ను తెలీనేలేదు."

"కుదిరిందంట" అని పక్కనున్న ఆడవాళ్ళకి చెప్పింది సత్యవతి. మళ్ళీ, ఎవరితో అంటోందో తెలియకుండా, "కుదిరిందంట" అంది. అప్పుడు ఏడ్చాడు సుందరరాజు. మీసం నల్లగా ఉంచుకున్న యాభై ఎనిమిదేళ్ళ మనిషి, తుపాకి ఒళ్ళో పెట్టుకుని, ఆ చాప అంచున కూర్చుని ఏడ్చాడు.

తిరిగి వెళ్తూ, తుపాకి తీసుకున్నట్టు పుస్తకంలో సంతకం పెట్టడానికి షాపు దగ్గర ఆగాడు. కాంతారావు ఒక్కడే ఉన్నాడు. తుపాకి అందుకుని చూసి, "ప్యాడుకి ఒక్క మరే ఉందేంటండీ? ఇలా ఇవ్వండి, నిమిషం పని" అని చావడి వైపు లేచాడు.

"వద్దండీ. ఉండనివ్వండి" అన్నాడు సుందరరాజు. తుపాకి తీసుకుని బస్సుకి వెళ్ళిపోయాడు.

కాంతారావు చావడి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. బల్ల మీద, ఉలి పక్కన, రాసిన సబ్బు తెల్లగా ఎండిపోయిన ఒక మర ఉంది.